గేటన్నం

ఫిలిప్పు మోటారుసైకిలు మొదటి తన్నుకు ఏనాడూ లేవలేదు. రెండో తన్నుకు దగ్గేది. మూడో తన్నుకు, అదీ దానికి బుద్ధి పుడితే, కాశీబుగ్గలో ఆ వీధి వీధంతా ఉలిక్కిపడేలా మోగేది. ఆ సోమవారం పొద్దున కూడా అలాగే మోగింది. తబితా చద్దన్నం క్యారియరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఫిలిప్పు బండి మీద కూర్చుని తలకు తువ్వాలు చుట్టుకుంటున్నాడు.

“ఈ వారంతో దీనికి సెలవు,” అన్నాడు.

“దేనికి సెలవు?”

“ఈ రాజ్‌దూత్‌కి. బరంపురంలో మిలట్రీ నుంచి వచ్చేసినాయన బుల్లెట్టు అమ్ముతన్నాడు. మాటాడేసేను. మన ఎనక వీధి కన్నయ్య లేడేటి, నౌపడ ఉప్పు కొఠార్లలో సూపర్‌వైజరు? ఆయన దీన్ని తీసుకుంటానన్నాడు.”

“నాతో ఒక్క మాటైనా సెప్పలేదు!”

“ఇప్పుడు సెప్తన్నాను గదేటే. ఉద్దానం ఇసక దారుల్లో దీంతో పడలేకపోతన్నాను. నడుం పట్టేత్తంది. అదైతే గుర్రం లాగ ఎల్తాది. పొద్దుగూకక ముందే ఇంటికొచ్చేత్తాను. నీకే మంచిది.”

నీకే మంచిది అన్నాక ఇంక తబితా ఏమంటుంది? మగవాళ్లు తమకు కావలసిన వస్తువు కొనుక్కునేటప్పుడు ఈ మాట ఎక్కడినుంచి తెచ్చుకుంటారో గానీ, దీనికి ఎదురు చెప్పిన ఆడది ఇంతవరకు కనబడలేదు. తబితా క్యారియరు అందించింది. బండి వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఫిలిప్పు ఒక జీడిపప్పు కంపెనీలో కొనుగోలు గుమస్తా. జలంత్రకోట, మందస, సోంపేట చుట్టుపక్కల తోటల్లో తిరిగి, పిక్క కోసి చూసి, సరుకు మంచిదో కాదో తేల్చి రావడం అతని పని. తబితా అతని మేనమామ కూతురు. చిన్నప్పటినుంచీ ‘బావా’ అనే పిలుపు, పెళ్లయ్యాక మార్చుకోవలసిన అవసరం రాలేదు. ఒక్కతే కూతురు కమల. పోయిన వేసవిలో ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసే అబ్బాయితో పెళ్లయి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఇల్లు పెద్దదైపోయింది. ఉన్నవి రెండే గదులు, అయినా పెద్దదైపోయింది.

వాళ్లింటికి కొంచెం దూరంలో రైలు గేటు ఉంది. సాయంత్రం పూట గూడ్సు వస్తుందని గేటు వేస్తే బండ్లన్నీ అవతల ఆగిపోతాయి. ఫిలిప్పు బండి కూడా అక్కడ గురగురలాడుతూ నిలబడేది. గేటు లేచి, పట్టాల మీద ఎగిరి దిగేటప్పుడు దాని సైలెన్సరు ఒక్క దగ్గు దగ్గేది. ఊళ్లో ఇంకే బండికీ ఆ దగ్గు లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టుకుని కూర్చున్న తబితా ఆ దగ్గు వినగానే కడిగిన బియ్యం ఎసట్లో పోసేది. అతను వచ్చి, నూతి దగ్గర స్నానం చేసి, పీట మీద కూర్చునేసరికి అన్నం పొగలు కక్కుతూ కంచంలోకి వచ్చేది. రాత్రిపూట చల్లారిన అన్నం ఫిలిప్పు గొంతు దిగదు.

చిన్నప్పుడు కమల దానికి ‘గేటన్నం’ అని పేరు పెట్టింది. ఇంట్లో ఆ మాటే నిలిచిపోయింది. “ఈవేళ గేటన్నమే” అని ఫిలిప్పు చెప్పి వెళ్లాడంటే సాయంత్రానికి ఇల్లు చేరతాడు. “ఈవేళ గేటన్నం లేదే” అన్నాడంటే ఎక్కడో క్యాంపు, బయటే పడుకుంటాడు. అవి మందస కొండల వైపు గొడవలు జరుగుతున్న రోజులు. రోడ్ల మీద పోలీసు జీపులు తిరిగేవి, పొద్దుపోయాక ఒంటరిగా వచ్చేవాణ్ని ఎవరు ఎందుకు ఆపుతారో తెలియదు. గేటు దగ్గర ఆ దగ్గు వినబడేదాకా తబితకు గుండె గుండెలో ఉండేది కాదు.

శనివారం మధ్యాహ్నం బుల్లెట్టు వచ్చింది. రావడం రావడమే వీధిలో కిటికీ రెక్కలు అదిరాయి.

“ఓలమ్మో, ఏనుగే!” అంది పక్కింటి కాంతమ్మ, చేతిలో చీపురుతోనే వచ్చి. “దీన్ని ఇంట్లో పెట్టాలంటే గోడ కొట్టించాలి తమ్ముడా.”

“కొట్టించేద్దాం అక్కా,” అన్నాడు ఫిలిప్పు. అతని మొహం పెళ్లికొడుకు మొహంలా ఉంది.

తబితా బండి చుట్టూ ఒకసారి తిరిగింది. నల్లగా, నిగనిగలాడుతూ బాగానే ఉంది. ముందు ఒక్కరు కూర్చునే తోలు సీటు. దాని వెనక ఇనప క్యారియరు. దాని మీద బిగించిన రేకు పెట్టె.

“ఇదేటి బావా?”

“పిక్కల శాంపిళ్లకి. దార్లో బైరాగి షెడ్డు దగ్గర ఆగి వెల్డింగు పెట్టించేను. ఎంత గట్టిగా ఉన్నాదో సూడు!” అని పెట్టె మీద గుద్ది చూపించాడు.

గట్టిగానే ఉంది. మరి నేనెక్కడ కూర్చోను అన్న మాట తబితా నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ జనం ఉన్నారు. అతను ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉన్నాడు. తనంతట తనే గుర్తు చేసుకుంటాడులే అని ఊరుకుంది.

రాజ్‌దూత్ వెనక సీటు ఆమెది. పక్కన పట్టుకునే ఇనప కమ్మీ ఎండకు కాలిపోతోందని, పాత నీలం చీర చింపి దానికి చుట్టుకుంది. సాయంత్రం కన్నయ్య వచ్చి బండి తీసుకెళ్తుంటే ఆ పేలిక విప్పుకుందామనుకుంది. చింకిగుడ్డకు ఆశపడిందని నవ్వుతారేమోనని విప్పలేదు.

సోమవారం ఫిలిప్పు “ఈవేళ గేటన్నమే!” అని కేకేసి మరీ వెళ్లాడు. సాయంత్రం ఎసరు మరుగుతుండగా గేటు పడింది. కాసేపటికి గురగుర. గూడ్సు పోయింది. పట్టాల మీద దగ్గు వినబడింది. తబితా బియ్యం పోసేసి, నూతి దగ్గర బాల్చీ నింపి, తువ్వాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చప్పుడు దగ్గరకొచ్చింది, ఇంటి ముందుకొచ్చింది, ఆగకుండా వెనక వీధిలోకి తిరిగిపోయింది. కమ్మీకి కట్టిన నీలం పేలిక మాత్రం కనబడింది.

“నా మతి మండిపోనూ!” అని నవ్వుకుంది తబితా. ఆ రోజు నవ్వే వచ్చింది.

ఫిలిప్పు వచ్చేసరికి అన్నం చల్లారిపోయింది.

“ఇదేటే, ఇలగున్నాది?”

“నువ్వనుకుని కన్నయ్య బండికి బియ్యం పోసేసేను.”

“మంచిదే! కన్నయ్యకి గేటన్నం పెట్టేవన్నమాట!” అని పడీపడీ నవ్వాడు. “నా బండి సప్పుడు ఇనబడలేదేటి? ఊరంతటికీ ఇనబడతాది గదా.”

“ఇనబడింది. లారీ అనుకున్నాను.”

మరో వారానికల్లా కంపెనీ మేనేజరు ఆ బండి చుట్టూ తిరిగి చూసి, ఇంత బండి పెట్టుకుని సోంపేటలో ఆగిపోవడమేమిటయ్యా, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు కూడా నువ్వే చూసుకో అన్నాడు. ఫిలిప్పు ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. తొందరగా ఇల్లు చేరడానికి కొన్న బండి అతన్ని ఇంటికి దూరంగా మోసుకుపోవడం మొదలుపెట్టింది. “ఈవేళ గేటన్నం లేదే” అన్న మాట మొదట వారానికి రెండుసార్లు వినబడేది. తర్వాత రోజూ వినబడింది. ఆ తర్వాత చెప్పడం కూడా మానేశాడు, ఉండదని ఇద్దరికీ తెలుసు కాబట్టి.

నెలకో ఆదివారం టెక్కలి చర్చిలో పెద్ద ఆరాధనకు వెళ్లడం వాళ్ల అలవాటు. తబితా వెనక సీటు మీద పక్కవాటంగా కూర్చుని, ఒళ్లో బైబిలు, కీర్తనల పుస్తకం పెట్టుకుని, దారిపొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. గాలికి సగం మాటలు కొట్టుకుపోయేవి. ఫిలిప్పు అన్నింటికీ “ఊఁ” అనేవాడు. ఆమెకు అదే చాలు.

ఆ నెల ఫిలిప్పు ముందురోజే చెప్పేశాడు. “నువ్వు బస్సుకి వచ్చీ. ఆరాధన అవ్వగానే నేను అట్నించి అటే పనిమీద ఎల్లిపోవాలి.”

తబితా బస్సెక్కింది. కిటికీ పక్కన చోటు దొరికింది. సగం దారిలో వెనకనుంచి లారీ లాంటి చప్పుడు వచ్చింది. ఈసారి లారీ అనుకోలేదు. ఫిలిప్పు తెల్లచొక్కా గాలికి ఉబ్బుతుండగా, రేకు పెట్టె ఎండకు తళతళలాడుతుండగా బస్సును దాటిపోతున్నాడు. తబితా చెయ్యి బయటపెట్టి ఊపింది. అతను ముందుకే చూస్తూ వెళ్లిపోయాడు. పక్కనున్న ముసలామె “మీవోళ్లేటమ్మా?” అని అడిగింది. తబితా అవునని తలూపి, చెయ్యి లోపలికి తీసుకుంది. ఆ రోజు చర్చిలో ఏ కీర్తన పాడారో ఆమెకు గుర్తులేదు.

సాయంత్రాలు మాత్రం గేటు పడుతూనే ఉంది. రాజ్‌దూత్ దగ్గుతూనే ఉంది. అది కన్నయ్య బండని తబితకు తెలుసు. తెలిసి ఏం లాభం? చెవులు ఇన్నేళ్లూ నేర్చుకున్నదాన్ని ఒక్కరోజులో మర్చిపోవు. దగ్గు వినబడగానే చెయ్యి బియ్యం గిన్నె మీదికి పోయేది, కాళ్లు గుమ్మంలోకి పోయేవి. బండి ఎదురుగా వచ్చి, దాటి, మలుపు తిరిగేదాకా నిలబడేది. ఆ కాసేపూ ఎవరో వస్తున్నట్టు ఉండేది. మలుపు తిరిగాక ఇంట్లోకి రావడమే కష్టంగా ఉండేది. కన్నయ్య మర్యాదస్తుడు. “బాగున్నారా అక్కా?” అని పలకరించి పోయేవాడు. ఒక్కోరోజు వెనక సీటు మీద అతని భార్య కూర్చుని, నీలం పేలిక చుట్టిన కమ్మీ పట్టుకుని ఉండేది.

ఇదంతా కాంతమ్మ తన అరుగు మీదనుంచి చూస్తోంది. కళ్లున్న మనిషి చూడకుండా ఎలా ఉంటుంది? నోరున్న మనిషి చెప్పకుండా మాత్రం ఎలా ఉంటుంది?

ఒక మధ్యాహ్నం ఇచ్ఛాపురం క్యాంపు నుంచి వస్తున్న ఫిలిప్పును వీధి మొగలోనే ఆపింది.

“నాకెందుకు గానీ తమ్ముడా, నువ్వు ఇంటికాడ ఉండాల. కన్నయ్య బండి సప్పుడైతే సాలు, మీ ఇంటిది గుమ్మంలో ఉంటాది. దినామూ సూత్తన్నాను. నాను మంచికే సెప్తన్నాను సుమీ.”

ఫిలిప్పు ఇంట్లోకి వచ్చేసరికి తబితా చేటలో బియ్యం ఏరుతోంది. అతను చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు.

“కన్నయ్య ఎల్తంటే గుమ్మంలో నిలబడతన్నావంట?”

ఆమె చెయ్యి ఆగింది. “ఎవరు సెప్పేరు?”

“ఎవరు సెప్తే ఏటి? నిలబడతన్నావా, లేదా?”

“నిలబడతన్నాను.”

లేదంటుంది, కాంతమ్మను నాలుగు తిట్లు తిట్టి ఊరుకుందామని వచ్చాడు ఫిలిప్పు. అవునంటుందని అనుకోలేదు.

“రోజూనా?”

“నువ్వు రాని రోజల్లా. అంటే రోజూనే.”

“దేనికి?”

“బండి కోసం.”

“బండి కోసమేటి? ఆటలాడతన్నావేటి నాతోటి? వీధిలో నలుగురూ ఏటనుకుంటారు? రేపు చర్చిలో తలెత్తుకోవాలా, వద్దా?”

“నలుగురు అనుకున్నది నీకు ఎంటనే ఇనబడింది,” అంది తబితా. గొంతు పెంచలేదు. “ఈ ఇంట్లో కూకుని నేను రోజూ ఏటి ఇంటన్నానో అది నీకు ఇనబడదు. బావా, ఒక్కటడుగుతాను సెప్పు. ఆ బుల్లెట్టు మీద నన్ను ఎక్కడ కూకోబెడదామనుకున్నావు?”

ఫిలిప్పుకు రేకు పెట్టె కళ్లముందు కదిలింది.

“అదీ... ఎనక సీటు పెట్టెకి అడ్డమైతే తీయించేసేను.”

“సీటు ఉన్నాదా దానికి?”

“ఉండేది. బైరాగి షెడ్డులో పడున్నాది.”

తబితా చేట పక్కన పెట్టేసింది. ఇన్నాళ్లూ అది ఒక్క సీటు బండి అనుకుని సరిపెట్టుకుంది. సీటు ఉందట. బైరాగి చేత విప్పించి, ఆ చోట జీడిపిక్కలు పెట్టుకున్నాడట.

“నాతోటి అనకపోతే మాయె. నీకైనా తోచలేదేటి బావా?” అంది. “టెక్కలి దారిలో బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపేను. నేను నిన్ను సూసేను. నువ్వు నన్ను సూడలేదు.”

జవాబు తెలియనప్పుడు మగాడికి కోపమే దిక్కు. “ఆఫీసులో శాంపిళ్లు ఇచ్చి రావాలి,” అని గుమ్మం వైపు తిరిగాడు.

“ఎల్లకు,” అంది తబితా. “పొద్దుగూకేదాకా ఆ గదిలో కూకో. కన్నయ్య ఎల్లేదాకా ఉండు. అప్పుడు ఏటనాలంటే అది అను. ఊరుకుంటాను.”

అతను మంచం మీద కూలబడ్డాడు. ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇంట్లో ఆ వేళప్పుడు ఊరికే కూర్చుని ఎన్నాళ్లయిందో ఫిలిప్పుకు గుర్తు రాలేదు. సాయంత్రం ఇంత పొడుగుంటుందని కూడా తెలియదు. ఎండ కిటికీలోంచి గోడ మీదికి, గోడ మీదినుంచి కమల జడరిబ్బన్లు వేలాడేసే మేకు మీదికి పాకింది. మేకు ఖాళీగా ఉంది. కాంతమ్మ ఇంట్లో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఈ ఇంట్లో పిలిచేవాళ్లూ లేరు, పలికేవాళ్లూ లేరు. వంటింట్లో ఎసరు మరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేదీ వినబడడంలేదు. కోపం ఎప్పుడు దిగిపోయిందో అతనికే తెలియదు. దాని చోట ఏదో దిగులు వచ్చి కూర్చుంది.

గేటు పడింది. కాసేపటికి అవతల ఒక బండి వచ్చి ఆగి గురగురలాడింది. ఆ గురగుర అతనికి ఒంట్లోంచి వస్తున్నంత బాగా తెలుసు. గూడ్సు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి నడిచిపోయాయి. గేటు లేచింది. పట్టాల మీద దగ్గు.

ఫిలిప్పు మంచం మీదనుంచి లేచి నిలబడ్డాడు. తను వస్తున్నాడు. ఎండలో తిరిగి, ఒళ్లంతా దుమ్ముతో, ఆకలితో తను ఇంటికి వస్తున్నట్టు తనకే వినబడుతోంది. చప్పుడు దగ్గరకొచ్చింది. ఇంటి ముందుకొచ్చింది. ఇప్పుడు ఆగాలి. ఆగుతుందని గుమ్మం వైపు చూశాడు.

ఆగలేదు. మలుపు తిరిగి వెళ్లిపోయింది.

తన ఇంటి ముందునుంచి తనే ఆగకుండా వెళ్లిపోయినట్టుంది. రోజూ ఇలాగే వెళ్లిపోతున్నాడు. ఫిలిప్పు గబగబా వంటింట్లోకి వెళ్లాడు. తబితా పొయ్యి ముందు నిలబడి ఉంది. చేతిలో బియ్యం గిన్నె ఖాళీగా ఉంది. ఎసట్లో బియ్యం గిరగిరా తిరుగుతున్నాయి.

“సూసేవా?” అంది ఏడుస్తూ. “నువ్వు ఇంట్లోనే ఉన్నావని తెలుసు. తెలిసి కూడా పోసేసేను బావా.”

ఫిలిప్పు ఆమె చేతిలోంచి గిన్నె తీసి కింద పెట్టాడు. క్షమించమనడం అతనికి అలవాటులేని పని. పక్కన నేల మీద చతికిలబడి, పొయ్యిలో కొబ్బరి మట్ట ఎగదోస్తూ కూర్చున్నాడు. పొగ వంకతో కళ్లు తుడుచుకున్నాడు.

“రోజూ ఈ అన్నమంతా ఏటి సేత్తన్నావే?”

“నీళ్లు పోసి ఉంచుతన్నాను. పొద్దున్న సద్ది తింటన్నాను. ఒక్కదాన్నే ఎంతని తింటాను?”

అన్నం ఉడికింది. ఇద్దరూ ఎదురెదురుగా పీటలు వేసుకుని తిన్నారు. పొగలు కక్కే అన్నం. తబితా మంచినీళ్ల చెంబు అందించింది.

సోమవారం అతను మేనేజరు గదిలోకి వెళ్లి, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి ఇంకెవరికైనా ఇమ్మన్నాడు. పెద్ద బండి ఉండి ఏం లాభమయ్యా అని మేనేజరు విసుక్కున్నాడు. విసుక్కోనీ అనుకున్నాడు ఫిలిప్పు. బైరాగి వెల్డింగు కోసి రేకు పెట్టె తీసి, పక్కకు బిగించి, వెనక సీటు ఎక్కించాడు. “మొన్న తీయమన్నారు, ఇప్పుడు పెట్టమంటన్నారు, ఇదేటి బాబూ!” అని గొణిగాడు. పెట్టె కొంచెం వంకరగా కూర్చుంది. ఎవరూ పట్టించుకోలేదు.

“కన్నయ్యనడిగి ఆ నీలం పేలిక తెమ్మంటావేటి?” అన్నాడు ఫిలిప్పు.

“ఉండనీ. ఎండకి ఆవిడ సెయ్యి కాలదేటి?” అని తబితా ఇంకో చీర చింపింది. కాంతమ్మ అరుగు మీదనుంచి చూస్తూనే ఉంది. ఈసారి ఎవరికి ఏం చెప్పాలో ఆవిడకు తోచినట్టు లేదు.

ఆదివారం టెక్కలి నుంచి తిరిగి వస్తూ, గేటు తెరిచే ఉన్నా ఫిలిప్పు పట్టాలకు అవతలే బండి ఆపాడు. ఇంజను మాత్రం ఆపలేదు.

“ఏటైంది బావా?”

“ఇను. బాగా ఇను.”

గేటుమాన్ గదిలోంచి తొంగిచూశాడు. “ఏటండీ ఫిలిప్పుగారు, బండి సెడిపోయిందేటి?”

“లేదు లేవయ్యా. పాఠం సెప్తన్నాను.”

తబితా అతని వీపుకు చెవి ఆనించి కళ్లు మూసుకుంది. బరువుగా, నిదానంగా, తొందరలేని చప్పుడు. “దీనికి దగ్గు లేదే,” అంది. “లేకపోతే పోనీ. పోల్చుకుంటాన్లే. పద.”

మర్నాడు పొద్దున ఫిలిప్పు వెళ్తూ “ఈవేళ గేటన్నమే” అన్నాడు. కేకవెయ్యలేదు, దగ్గరకొచ్చి చెప్పాడు.

సాయంత్రం ఎసరు మరుగుతోంది. గేటు పడింది. అవతల ఒక బండి ఆగి గురగురలాడింది. తబితా చెయ్యి బియ్యం గిన్నె మీదికి వెళ్లింది. అక్కడే ఆపుకుంది. గూడ్సు పోయింది. పట్టాల మీద దగ్గు వినబడింది. రాజ్‌దూత్ ఇంటి ముందునుంచి వెళ్లి, వెనక వీధిలోకి తిరిగింది. ఆమె పీట మీదనుంచి లేవలేదు. చేతులు ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

వీధి సద్దుమణిగింది. చాలాసేపు ఏమీ లేదు. పొయ్యి మంట తగ్గితే ఎగదోసింది. ఎసరు తగ్గితే ఇంకో చెంబు నీళ్లు పోసింది. కొండల వైపు జీపులు, రోడ్డు, చీకటి ఒకటొకటిగా మనసులోకి రాబోయాయి.

అప్పుడు గేటు దగ్గర, దూరంగా, బరువైన చప్పుడు వినబడింది. లారీ కాదు. తబితా ఇంకొక్క క్షణం చెవి ఒగ్గి విని, బియ్యం ఎసట్లో పోసింది.